గొంతు పెంచని క్లాసు

ఆస్పత్రి కార్ల షెడ్డు మీద, మా క్లాసు గది

పిన్నీ,

ఫోను చేస్తే ఎత్తవు. మెసేజి పెడితే "బాగున్నా" అని ఒక్క ముక్క. బ్యాంకు ఉద్యోగం మానేసి పాఠాలు చెప్పుకుంటున్నానని అమ్మకి కోపం వచ్చిందంటే అర్థముంది. జీవితమంతా బళ్లో ఇంగ్లీషు చెప్పి రిటైరైన నీకు ఎందుకు కోపం? ఉత్తరమైతే మధ్యలో పెట్టెయ్యలేవు కదా అని కాగితం తీశాను.

నా ఉద్యోగం బ్రహ్మాండంగా ఉంది. ఈ ఆస్పత్రికి ఎక్కడెక్కడి దేశాలనుంచో రోగులు వస్తారు. ఎయిర్‌పోర్టునుంచి వాళ్లని తెచ్చేదీ, మళ్లీ దింపేదీ మా స్టాండు టాక్సీవాళ్లే. వీళ్లకి వాళ్ల మాట తెలీదు, వాళ్లకి వీళ్ల మాట తెలీదు. మోకాలి నొప్పితో వచ్చిన ఒకావిడని మావాళ్లు కళ్ల విభాగం దగ్గర దింపేసి వచ్చారట. ఆవిడ మోకాలు చూపించి చూపించి చివరికి చక్రాల కుర్చీలో ఏడుస్తూ కూర్చుందట. అప్పుడు ఆస్పత్రివాళ్లు డ్రైవర్లకి ఇంగ్లీషు క్లాసు పెట్టి, నన్ను తీసుకున్నారు. క్లాసు అయ్యాక పరీక్ష. పాసైతేనే గేటు లోపల బండి పెట్టుకోనిస్తారు. లేకపోతే రోడ్డు మీదే.

క్లాసు చాలా హుషారుగా ఉంటుంది. హుషారు కాస్త ఎక్కువే. నాకన్నా చిన్నవాళ్లున్నారు, తాతలైనవాళ్లున్నారు. ఒకాయనకి అందరూ 'హారన్' అని పేరు పెట్టారు. నేను ఎవరిని అడిగినా ఆయనే జవాబు చెప్తాడు. తలుపు పక్కన కూర్చునే పెద్దాయన మాత్రం ఇప్పటిదాకా నోరు విప్పలేదు. ఆయన టోపీ ఒళ్లో పెట్టుకుని నా వెనక గోడని చూస్తుంటాడు. మధ్యలో ఫోన్లు మోగుతాయి. కిరాయి వచ్చిందని కొందరు లేచి వెళ్తారు. నా గొంతు కొంచెం బొంగురుపోయింది, అంతే.

ఇబ్బందేమీ లేదు. నువ్వు అంతమంది పిల్లల్ని ఒక్క హుంకారంతో కూర్చోబెట్టేదానివి కదా, అదెలాగో ఊరికే తెలుసుకుందామని అడుగుతున్నా.

నీ అమ్మడు

•

మా ఇల్లు, వంటగది కిటికీ దగ్గర

అమ్మడూ,

నాకు కోపం లేదు. ఫోను సంగతి వదిలెయ్యి.

"ఊరికే తెలుసుకుందామని" అన్నవాళ్లెవరూ ఊరికే అడగరు. గొంతు బొంగురుపోయిందంటే అరుస్తున్నావన్నమాట. అరుస్తున్నావంటే వాళ్లు వినడం లేదు. "ఇబ్బందేమీ లేదు" అని రాసినచోట కలం కాగితంలోకి దిగబడింది. నీ చిన్నప్పటినుంచీ నీ దస్తూరీ చూస్తున్నదాన్ని, నా దగ్గర దాపరికాలు పెట్టుకోకు.

నాలుగు సంగతులు అడుగుతాను, నిజం రాయి. కుర్చీలు ఎలా వేశారు? బస్సులోలాగా ఒకళ్ల వెనక ఒకళ్లు కూర్చుంటే, వాళ్లు చూసేది ముందువాడి మెడే. ఎవరి మెడతోనూ ఎవరూ ఇంగ్లీషు మాట్లాడరు. వాళ్ల పేర్లు నీకు తెలుసా? "ఏమండీ, మీరండీ" అంటుంటే ప్రతివాళ్లూ తనని కాదనుకుంటారు. కాగితాలు పంచాక చెప్తున్నావా, చెప్పాక పంచుతున్నావా? చేతిలో కాగితం పడ్డాక మనిషి చెవి పనిచెయ్యదు. చివరగా, గోల ఆగాక మాట్లాడుతున్నావా, గోల మీద మాట్లాడుతున్నావా?

గోలమీద మాట్లాడావంటే, టీచరు మాట్లాడుతుండగా మాట్లాడొచ్చని నువ్వే వాళ్లకి నేర్పావు. ఒకచోట నిలబడు. ఎప్పుడూ అదే చోట. చెయ్యి పైకెత్తు. ఆగు. చివరి మనిషి ఆపేదాకా ఆగు. మొదటిరోజు ప్రాణం పోయినట్టుంటుంది. ఓర్చుకో.

పిన్ని

•

క్లాసు గది, అందరూ వెళ్లాక

పిన్నీ,

దొరికిపోయాను. నిజం రాస్తున్నా.

పోయినవారం క్లాసులో నేను అరిచాను. మామూలుగా కాదు, చీపురు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. "మీకు సిగ్గులేదా, చిన్నపిల్లలకన్నా అన్యాయం" అన్నాను. గది ఒక్కసారి చల్లబడింది. పెద్దాయన లేచి, టోపీ పెట్టుకుని, నాకు దణ్ణం పెట్టి మరీ వెళ్లిపోయాడు. అప్పుడే తలుపు దగ్గర మేనేజరుగారు నిలబడి ఉన్నారు. టాక్సీలూ అంబులెన్సులూ అన్నీ ఆయన చేతికిందే. "మేడమ్, కింద రోగులున్నారు. ఇది క్లాసా, వేలంపాటా?" అన్నారు. క్లాసు తీసేసి, ఇంగ్లీషు వచ్చిన డ్రైవర్లని బయటి కంపెనీనుంచి తెప్పించుకోవడం తేలికని కూడా అన్నారు. అదే జరిగితే నా ఉద్యోగంతోపాటు వీళ్ల స్టాండూ పోతుంది.

నీ ఉత్తరం వచ్చాక కుర్చీలు గుర్రపు నాడాలాగా వేశాను. నిలబడి చెయ్యెత్తాను. పిన్నీ, ఆ మొదటిరోజు సంగతి నవ్వొచ్చేది. నేను నోరు మూసుకుని నిలబడితే హారన్ పక్కాయనతో, "పాపం మేడమ్ పాఠం మరిచిపోయింది" అన్నాడు. ఇంకొకాయన మంచినీళ్ల సీసా తెచ్చిచ్చాడు. నేను కదలలేదు. చివరికి ఒక్కొక్కళ్లే సద్దుమణిగారు. మా క్లాసులో ఒకే ఒక్క ఆడ డ్రైవరుంది. నీలం కారు నడుపుతుందని అందరూ నీలమ్మ అంటారు. ఆవిడే, "ఆగండయ్యా, ఆవిడ మనకోసం ఆగింది" అంది. అప్పుడు గది నిశ్శబ్దమైంది. కింద షెడ్డులో ఎవరో కారు తలుపు వెయ్యడం కూడా వినిపించింది.

ఫోన్ల సంగతి వాళ్లతోనే తేల్పించాను. కిరాయి పోగొట్టుకోమని నేనెలా చెప్తాను? అందరి ఫోన్లూ కిటికీ దగ్గర పళ్లెంలో ఉండాలి, రోజుకొకరు పళ్లెం దగ్గర కూర్చుని మిగతావాళ్లకి వచ్చే ఫోన్లు ఎత్తాలి అన్నారు. వాళ్లు పెట్టుకున్న నియమం కాబట్టి నాకన్నా వాళ్లే గట్టిగా పట్టుకున్నారు.

పెద్దాయన తిరిగొచ్చాడు. నేనే స్టాండుకి వెళ్లి, అలా అనకుండా ఉండాల్సిందని చెప్పాను. "మీరన్నందుకు కాదమ్మా, నాకెలాగూ రాదని వెళ్లాను" అన్నాడు. వచ్చాడుగానీ నోరు విప్పడం లేదు. అడిగానంటే చెవులు ఎర్రబడతాయి, ఈలోగా హారన్ జవాబు అందించేస్తాడు.

నువ్వొక్కసారి రాకూడదూ? మా గుమ్మంలో నిలబడి "ఊఁ" అంటే చాలు, కింద అంబులెన్సులు కూడా ఆగిపోతాయి.

అమ్మడు

•

మా ఇల్లు

అమ్మడూ,

ముందు క్లాసు సంగతి.

పెద్దాయన్ని అందరి ముందూ మొదట అడగకు. పక్కమనిషితో మాట్లాడించు. ఇద్దరే ఉన్నప్పుడు తప్పు చిన్నదిగా కనిపిస్తుంది. నీలమ్మ పక్కన కూర్చోబెట్టు. ఇద్దరిద్దరూ మాట్లాడాకే అందరి ముందుకీ తీసుకురా. ప్రశ్న ముందు, పేరు తర్వాత. పేరు ముందు పిలిచావంటే మిగతావాళ్లందరూ హాయిగా నిద్రపోతారు. అడిగాక ఆగు. నువ్వు అనుకున్నదానికన్నా ఎక్కువసేపు ఆగు. పరాయి భాషలో మాట తలలోనుంచి నాలుక మీదికి రావడానికి చాలా దూరం నడవాలి.

హారన్ని నొక్కెయ్యకు. ఆయన దుర్మార్గుడు కాదు, ఆత్రగాడు. ఆయనకి ప్రశ్నలు అడిగే పని ఇవ్వు. అడిగినవాడు జవాబు కోసం ఎదురుచూడాలి కదా, చచ్చినట్టు వింటాడు. ఏం చెయ్యాలో చెప్పడానికి మన భాష వాడటానికి మొహమాటపడకు. ఒక్క ముక్కలో అయిపోయేదాన్ని ఇంగ్లీషులో చేంతాడంత చేసి చెప్తే పోయేది వాళ్ల టైమే. మాట్లాడించడం మాత్రం ఇంగ్లీషులోనే.

ఇప్పుడు రెండో సంగతి. రాయకూడదనుకున్నాను. నువ్వు ఆ "ఊఁ" గురించి రాయకపోయి ఉంటే రాసేదాన్ని కాదు.

అది ఇప్పుడు లేదు. మెడ దగ్గర గడ్డ తీయించుకున్నానని మీ అమ్మ చెప్పే ఉంటుంది. చిన్న ఆపరేషనే. లేచేసరికి గొంతు లేదు. నరమేదో దెబ్బతిందన్నారు. గుసగుస మాత్రం మిగిలింది, అదీ ఎదుటివాళ్లు చెవి దగ్గర పెడితేనే. మీ అమ్మకి కూడా గొంతు పట్టేసిందనే చెప్పాను. అందుకే ఫోను ఎత్తను. ఎత్తి ఏం చెయ్యను? దుకాణానికి వెళ్తే మూడుసార్లు అడగాలి, నాలుగోసారి అతను నవ్వుతాడు. అందుకని వెళ్లడం మానేశాను. ఏళ్ల తరబడి ఒకళ్లకి వినిపించేలా మాట్లాడటం ఎలాగో నేర్పినదాన్ని, ఇప్పుడు నేను చెప్పేది ఎవరికీ వినపడదు.

వెంటనే బ్యాగు సర్దుకుని బయల్దేరకు. నువ్వొస్తే ఏడుస్తావు, నాకు చిరాకు. క్లాసు మానేసి వచ్చావని తెలిస్తే తలుపు తియ్యను.

పిన్ని

•

నా గది, తెల్లారగానే

పిన్నీ,

బ్యాగు సర్దాను. మళ్లీ విప్పేశాను. తలుపు తియ్యనన్నావంటే నిజంగానే తియ్యవని తెలుసు.

నువ్వు ఫోను ఎత్తడం లేదని నేను ఇన్నాళ్లూ మూతి ముడుచుకున్నాను. నువ్వేమో వంటగదిలో కూర్చుని, గొంతు లేకుండా, నా క్లాసుని నడిపిస్తున్నావు. ఏడిస్తే నీకు చిరాకన్నావు కాబట్టి క్లాసు గురించే రాస్తాను.

నాలుగు కుర్చీలు టాక్సీలా వేశాను. ముందు కుర్చీలో డ్రైవరు, వెనక కుర్చీలో రోగి. హారన్ రోగి అయితే చూడాలి, పొట్ట పట్టుకుని మెలికలు తిరుగుతాడు. "వేర్ ఈజ్ ద పెయిన్?" అని అడగాలి. ఒక కుర్రాడు కంగారులో "హూ ఈజ్ ద పెయిన్?" అని అడిగాడు. నీలమ్మ మేనేజరు గది వైపు వేలు చూపించింది. నవ్వి నవ్వి కళ్లలో నీళ్లు. నేను చెయ్యెత్తాను. పిన్నీ, నవ్వు కూడా ఆగింది.

ఇద్దరిద్దరుగా మాట్లాడుతుంటే గోల ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ చెవి పెట్టి వింటే అంతా ఇంగ్లీషే. నేను వాళ్ల మధ్య తిరుగుతాను. తప్పులు విని తలలో పెట్టుకుంటాను, అప్పటికప్పుడు మధ్యలో దూరను. మొన్న పెద్దాయన వెనకనుంచి వెళ్తుంటే, ఆయన నీలమ్మకి మెల్లగా చెప్తున్నాడు, "ఐ ఓపెన్ డోర్. యు సిట్. నో హర్రీ." నేను ఆగకుండా ముందుకి నడిచేశాను. ఆగితే మళ్లీ చెవులు ఎర్రబడతాయి కదా.

మేనేజరుగారికి మాత్రం గోల ఒక్కటే వినిపించింది. వచ్చేవారం క్లాసులో కూర్చుంటారట. ఆ రోజు బాగోకపోతే క్లాసు ఆఖరని చెప్పేశారు.

నువ్వు రావా? మాట్లాడక్కర్లేదు. ఒక మూల కూర్చో చాలు.

అమ్మడు

•

మా ఇల్లు

అమ్మడూ,

రాను. నలుగురిలోకి వచ్చి, ఎవరో పలకరిస్తే నోరు తెరిచి గాలి వదలడం నావల్ల కాదు. అడగకు.

మేనేజరు వచ్చినరోజు కొత్త చీర కట్టకు, కొత్త పాఠం చెప్పకు. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి. ఆయన వచ్చాడని వాళ్లకి ముందే మాటలు బట్టీ పట్టించావంటే, ఆయన ఒక్క ప్రశ్న అటూ ఇటూ మార్చి అడిగితే మీ పరువు మంటగలుస్తుంది. ఎవరైనా తడబడితే నువ్వు అందుకోకు. అన్నిటికన్నా కష్టం అదే. తడబడే మనిషిని చూస్తూ ఊరుకోవాలంటే గుండె రాయి చేసుకోవాలి. ఆ రాయి కింద ఎంత ప్రేముందో చూసేవాళ్లకి తెలీదు.

"హూ ఈజ్ ద పెయిన్" చదివి నవ్వాను. శబ్దం రాలేదుగానీ, నవ్వాను.

పిన్ని

•

క్లాసు గది

పిన్నీ,

అయిపోయింది. హడావుడిగా రాస్తున్నా, దస్తూరీ చూసి తిట్టకు.

మేనేజరుగారు కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫోన్లు వాటంతటవే పళ్లెంలోకి వెళ్లాయి, నేను చెప్పలేదు. నేను నా చోట నిలబడి చెయ్యెత్తాను, గది ఆగింది. ఆయన ఒకసారి తలెత్తి చూశారు. ఇద్దరిద్దరుగా మొదలుపెట్టించాను. గోల మొదలైంది, ఆయన నుదురు ముడతపడింది. కాసేపటికి ఆయనే లేచి వాళ్ల మధ్య తిరగడం మొదలుపెట్టారు. ఒక్కో జంట దగ్గరా వంగి విన్నారు. ఆయనకీ అర్థమైంది అది ఏ గోలో.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "నేనే ప్యాసింజర్ని, ఒకసారి చూద్దాం" అని వచ్చి వెనక కుర్చీలో కూర్చున్నారు. డ్రైవరుగా ఎవరిని పిలిచారో చెప్పుకో. పెద్దాయన్ని.

ఆయన వచ్చి ముందు కుర్చీలో కూర్చున్నాడు. మేనేజరుగారు గడగడా ఇంగ్లీషులో దంచేశారు. భార్యకి ఒంట్లో బాగోలేదు, ముందు మందుల దుకాణం దగ్గర ఆపాలి, తర్వాత గుండె విభాగం, మధ్య గేటునుంచి వద్దు, ఇంకా ఏవేవో. నాకే సగం అందలేదు. పెద్దాయన చెవులు ఎర్రబడ్డాయి. నోరు తెరిచి మూశాడు.

నాకు మాట అందించాలనిపించింది. నాలుక చివరిదాకా వచ్చింది. గట్టిగా పళ్లు బిగించాను. హారన్ వైపు చూశాను, ఈయన ఇప్పుడు మోగుతాడు అనుకుంటూ. పిన్నీ, హారన్ తన నోటి మీద తనే చెయ్యి వేసుకుని కూర్చున్నాడు. నీలమ్మ ఒళ్లో చీర కుచ్చెళ్లు పిడికిట్లో పట్టుకుంది. గదిలో ఒక్కరూ అందించలేదు, దగ్గలేదు, నవ్వలేదు. అందరూ ఆయన కోసం ఆగారు. ఒకప్పుడు ఒకరి మాట ఒకరు తొక్కుకుంటూ పోయినవాళ్లు పిన్నీ, వీళ్లే.

పెద్దాయన వెనక్కి తిరిగి మెల్లగా అన్నాడు, "సర్, యువర్ వైఫ్ సిక్, ఐ అండర్‌స్టాండ్. ఫస్ట్ మెడిసిన్ షాప్. ఆఫ్టర్ దట్, వేర్? సే అగైన్ ప్లీజ్."

మేనేజరుగారు ఈసారి నెమ్మదిగా చెప్పారు. పెద్దాయన ప్రతిమాటా తిరిగి చెప్పి సరిచూసుకున్నాడు. అప్పుడు చప్పట్లు కొట్టారు చూడు, కిందనుంచి సెక్యూరిటీ మనిషి పరిగెత్తుకొచ్చాడు.

క్లాసు ఉంటుంది పిన్నీ. పరీక్షలో వీళ్లు పాసవుతారు కూడా, ఇప్పుడు నాకు ఆ భయం లేదు. వెళ్తూ మేనేజరుగారు, "వీళ్లని ఇలా ఎలా కూర్చోబెట్టారు?" అని అడిగారు. నేర్పినావిడ వేరే ఊళ్లో ఉన్నారని చెప్పాను.

అమ్మడు

•

మీ ఆస్పత్రి, గొంతు విభాగం ముందు బెంచీ

అమ్మడూ,

ఈ ఉత్తరం పోస్టులో రాదు. చేతికి ఇచ్చే మనిషి నీకు తెలిసినవాడే.

మా ఊరి డాక్టరు నన్ను ఎప్పటినుంచో మీ ఆస్పత్రికే వెళ్లమంటున్నాడు. నీకు ఎదురుపడాల్సి వస్తుందని ఎగ్గొడుతూ వచ్చాను. నీ ఉత్తరం చదివాక ఇంట్లో కూర్చోలేకపోయాను. రైలు దిగి స్టేషన్ బయట నిలబడితే, మీ ఆస్పత్రి గుర్తు వేసి ఉన్న టాక్సీ ఒకటి ఎవరినో దింపి తిరిగి వెళ్లబోతోంది. ఎక్కాను. ఎక్కడికో చెప్పాను. వీధి చప్పుడులో నా గుసగుస అతనికి వినిపించలేదు. పెదాలు ఆడుతున్నాయి, మాట తెలియడం లేదు. పరాయి దేశంనుంచి వచ్చిన రోగిననుకున్నాడు కాబోలు. సిగ్గుతో దిగిపోదామని తలుపు మీద చెయ్యి వేశాను.

అతను బండి పక్కకి తీసి ఇంజను ఆపాడు. అద్దాలు ఎత్తాడు. ఒళ్లో ఉన్న టోపీ పక్కన పెట్టి, పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చున్నాడు. "నో హర్రీ మేడమ్. యు టాక్. ఐ లిజన్" అన్నాడు.

ఆపరేషన్ అయినప్పటినుంచీ నా కోసం ఇంజను ఆపిన మనిషి లేడు అమ్మడూ. మన భాషలో చెప్పేస్తే పోయేది. కానీ అంత కష్టపడి నేర్చుకున్నవాడి నోటినుంచి ఆ భాష లాక్కోవడం ఎందుకు? నేనూ ఇంగ్లీషులోనే చెప్పాను. అతను ముందుకి వంగి ప్రతి ముక్కా విన్నాడు, తిరిగి చెప్పి సరిచూసుకున్నాడు. ఇంగ్లీషు మాటల ముందు రావాల్సిన 'ద' ఒక్కటి మాత్రం ఎక్కడా పలకలేదు, అది చూడు. దారంతా నెమ్మదిగా కబుర్లు చెప్పుకున్నాం. ఎవరు నేర్పారని అడిగాను. "మై టీచర్. స్మాల్ గర్ల్. వెరీ స్ట్రిక్ట్. షి వెయిట్, సో ఐ కెన్ టాక్" అన్నాడు. ఆ "వెయిట్" పక్కన ఎస్ లేదు. నేను దిద్దలేదు. ఇన్నేళ్ల ఉద్యోగంలో తప్పు విని దిద్దబుద్ధి కాకపోవడం అదే మొదలు.

ఇక్కడ డాక్టరు నా గొంతులోకి గొట్టం పెట్టి చూశాడు. పాత గొంతు రాదు. రోజూ సాధన చేస్తే కొంత శబ్దం రావచ్చు, ఎంతో చెప్పలేనన్నాడు. చేస్తాను. నీ దగ్గరే ఉండి చేస్తాను, మంచం సర్దు. సాయంత్రం నీ క్లాసుకి కూడా వస్తాను. ఆ 'ద' సంగతి నాకు వదిలిపెట్టు, దానికి గొంతుతో పనిలేదు, నాలుక పళ్ల మధ్య ఎక్కడ పెట్టాలో చూపిస్తే చాలు.

దిగేటప్పుడు అతను, "మేడమ్, యు నో మై టీచర్?" అని అడిగాడు. తెలుసన్నాను. ఎవరవుతారు అన్నాడు. అక్క కూతుర్ని ఇంగ్లీషులో ఏమంటారో నాకు రాదనుకోకు, ఎంతమంది పిల్లల చేత ఆ మాటకి స్పెల్లింగు రాయించానో. అయినా "షి ఈజ్ మై డాటర్" అన్నాను. అతనికి వినపడలేదేమోనని రెండోసారి కూడా అన్నాను. మొదటిసారే విన్నాడట.

పిన్ని